తొమ్మిది వేల డాలర్ల వంటిల్లు

జనవరిలో ఒక మంగళవారం మా అమ్మాయి స్కూల్ నుంచి వచ్చి, జాకెట్ విప్పి, హాల్లో అల్మారాలో పెట్టకుండా గరాజ్‌లోకి తీసుకెళ్ళి మేకుకి తగిలించింది. ఎందుకే అంటే "ఇక్కడ పెడితే పోపు వాసన పడుతుందమ్మా" అంది. రెండో తరగతి పిల్ల. కోపంగా అనలేదు, ఏడుస్తూ అనలేదు, బయట వాన పడుతోంది అన్నంత మామూలుగా అంది. స్కూల్లో ఎవరైనా ఏమన్నా అన్నారా అని అడిగితే జవాబు చెప్పకుండా బొమ్మల దగ్గరికి వెళ్ళిపోయింది. ఆ రాత్రి మావారితో వంటిల్లు మార్చాల్సిందే అన్నాను.

మాది సెంట్రల్ జెర్సీలో 1974లో కట్టిన స్ప్లిట్ లెవెల్ ఇల్లు. కొని నాలుగేళ్ళయింది. వంటగది చిన్నది, ఓక్ కేబినెట్లు, స్టవ్ మీద మైక్రోవేవ్. దానికో ఫ్యాను ఉంది. పొగని లోపలికి పీల్చి, జిడ్డు పట్టిన జాలీలోంచి మళ్ళీ మన మొహం మీదికే వదులుతుంది. పోపు పెట్టినప్పుడల్లా స్మోక్ అలారం మోగడం, నేను తువ్వాలు పట్టుకుని దాని కింద ఊపడం మా ఇంట్లో రోజువారీ వ్యాయామం. వీడియో కాల్‌లో ఆ కూత విని తెనాలి నుంచి మా అత్తయ్య "ఏంటమ్మా, వంట చేస్తే ఫైరింజన్ వస్తుందా మీకు?" అని అడిగారు.

ఒక షోరూమ్ వాళ్ళని పిలిపించాం. కొలతలు తీసుకుని, కంప్యూటర్‌లో అందమైన బొమ్మ చూపించి, 38,000 డాలర్లన్నారు. మావారు ఆ కాగితం మడిచి జేబులో పెట్టుకుని, వాళ్ళు వెళ్ళాక ఒక్క మాటన్నారు: "ఇల్లు మనది, వీసా మనది కాదు."

మీలో చాలామందికి ఈ లెక్క విడమర్చి చెప్పక్కర్లేదు. ఐ-140 వచ్చింది, గ్రీన్ కార్డ్ వరసలో మా వంతు ఎప్పుడో దేవుడికెరుక. మావారి టీములో నవంబర్‌లో ఆరుగుర్ని తీసేశారు. ఉద్యోగం పోతే మహా అయితే 60 రోజులు. అందులో ఇంకోటి వెతుక్కోవాలి, లేదా సర్దుకోవాలి. అలాంటప్పుడు వంటింటి మీద డబ్బు పొయ్యడమేమిటని ఆయన వాదన. ఎప్పుడో వెళ్ళిపోతామేమోనని పదేళ్ళు పొగలో వండుకోవడమేమిటని నా వాదన. రెండు రోజులు మాటల్లేవు. మూడో రోజు కాఫీ దగ్గర ఒప్పందం కుదిరింది. 9,000 డాలర్లు, అప్పు లేదు, క్రెడిట్ కార్డు లేదు. అందులో 1,350 పక్కన పెట్టి, గోడలోపల ఏమన్నా బయటపడితే తప్ప ముట్టుకోకూడదు. రేపు ఇల్లు అమ్మాల్సొచ్చినా దండగ అనిపించని పనులే చెయ్యాలి.

మొదట నేను పైసా ఖర్చు లేని పని చేశాను. బీఎస్సీ చదివినందుకు మిగిలిన అలవాటు ఇదొక్కటే, ఏదైనా సరే రాసుకోవడం. వారం రోజులు ఫ్రిజ్ మీద నోటుపుస్తకం పెట్టుకుని, వంట చేస్తున్నంత సేపూ ఎటు నడుస్తున్నానో, ఎన్నిసార్లు వంగుతున్నానో గీతలు పెట్టాను. చూసుకుంటే నాకే నవ్వొచ్చింది. పోపుల డబ్బా స్టవ్‌కి ఎదుటి గోడన ఉంది. బియ్యం గరాజ్‌లో ఉన్నాయి. రోజుకి పన్నెండుసార్లు కింది కేబినెట్‌లోకి తల దూర్చి, ముందున్న గిన్నెలన్నీ బయట పెడితేగానీ వెనకాలి కుక్కర్ దొరకడంలేదు. పోపుల డబ్బా స్టవ్ పక్క సొరుగులోకి మార్చేసరికి సగం నడక ఆ పూటే తగ్గింది.

ఈ పని నాకంటే ముందు చేసినావిడ మా జెర్సీలోనే ఉండేవారు. మాంట్‌క్లెయిర్‌లో నివసించిన లిలియన్ గిల్‌బ్రెత్. ఇంజినీరు, పన్నెండుమంది పిల్లల తల్లి. ఫ్యాక్టరీల్లో పనివాళ్ళ కదలికలు కొలిచే పద్ధతిని వంటింట్లోకి తెచ్చి, 1929లో బ్రూక్లిన్‌లోని ఒక గ్యాస్ కంపెనీ కోసం నమూనా వంటగది తయారుచేశారు. గట్టు ఎత్తు వండే మనిషి ఎత్తుని బట్టి ఉండాలని ఆవిడ పట్టుబట్టారు. మనం విన్నామా? ఇక్కడ గట్టు ఎత్తు అందరికీ ఒకటే, 36 అంగుళాలు. నేను ఐదడుగుల ఒక అంగుళం. చపాతీ పిండి మీద బరువు వెయ్యాలంటే మునివేళ్ళ మీద నిలబడాలి. అందుకని ఒక మూల గట్టు కట్టకుండా 32 అంగుళాల బల్ల వేయించుకున్నాను. చపాతీలు, పూరీలు అక్కడే. వెట్ గ్రైండర్ కూడా అక్కడే, ఎత్తి దించే పని లేకుండా.

ఇక అసలు సంగతి, పొగ. నా మాట వింటే మీ డబ్బులో మొదటి డాలరు దీనిమీదే పెట్టండి. మా స్టవ్ బయటి గోడకే ఆని ఉండడం అదృష్టం. మైక్రోవేవ్ పీకేసి, గోడకి బెజ్జం పెట్టి, ఆరంగుళాల గట్టి రేకు గొట్టంతో పొగని బయటికి పంపే హుడ్ పెట్టించాం. హుడ్ 320, గోడ పని 600. ముడతల గొట్టం వాడనివ్వకండి. గాలికి అడ్డం పడి, ముడతల్లో జిడ్డు పేరుకుంటుంది. కొందరు అటక మీదికి వదిలేస్తారు. అది ఇంకా ఘోరం, ఆ తేమంతా పైకప్పు చెక్కలోకి వెళ్తుంది.

ఎంత శక్తి ఉండాలి అన్నచోట నేను తప్పటడుగు వెయ్యబోయాను. మన వంటలకి ఎక్కువ కావాలి కదా అని 900 సీఎఫ్ఎం హుడ్ ఆర్డర్ పెట్టబోతుంటే ఎలక్ట్రీషియన్ ఆపాడు. హుడ్ నిమిషానికి అన్ని ఘనపుటడుగుల గాలిని బయటికి లాగేస్తే, అంత గాలీ ఎక్కడినుంచో లోపలికి రావాలి. చలికాలం కిటికీలన్నీ బిగించుకున్న ఇంట్లో అది వాటర్ హీటర్ పొగగొట్టంలోంచి వెనక్కి రావచ్చు, దాంతోపాటు కార్బన్ మోనాక్సైడ్ కూడా. అందుకే ఇళ్ళ నిర్మాణ కోడ్‌లో, మాలాగా చిమ్నీతో పొగ వదిలే గ్యాస్ హీటర్ ఉన్న ఇంట్లో హుడ్ 400 సీఎఫ్ఎం దాటితే లోపలికి గాలి వచ్చే ఏర్పాటు విడిగా చెయ్యాలని ఉంది. ఆ ఏర్పాటుకి మళ్ళీ వెయ్యో రెండు వేలో. నేను 390 దగ్గర ఆగాను. దానికి తోడు రెండు అలవాట్లు: స్టవ్ వెలిగించక ముందే హుడ్ వెయ్యడం, పోపు, వేపుడు వెనక బర్నర్ మీద పెట్టడం. ముందు బర్నర్ పొగలో చాలా భాగం హుడ్‌కి అందకుండానే మన మీదికొచ్చేస్తుంది.

కరెంటుకి 1,450 అయింది, పర్మిట్‌తో కలిపి. అంతా అని మొదట గుండె గుభేలుమంది. కానీ పాతకాలపు వంటింట్లో గట్టంతటికీ ఉన్నవి మూడు ప్లగ్గులు. ఇప్పటి కోడ్ ప్రకారం గట్టు ప్లగ్గులకి 20 యాంపుల లైన్లు కనీసం రెండుండాలి, గట్టు మీద ఏ చోటైనా ప్లగ్గుకి రెండడుగుల లోపు ఉండాలి, నీళ్ళ దగ్గర షాకు కొట్టకుండా ఆగిపోయే జీఎఫ్‌సీఐ రకం ఉండాలి. మిక్సీ, గ్రైండర్, ఇన్‌స్టంట్ పాట్ మూడూ కలిసి నడిచే ఇళ్ళు మనవి. ఇక్కడ పిసినారితనం పనికిరాదు. టౌన్ ఇన్‌స్పెక్టర్ వచ్చి చూసి సంతకం పెట్టి వెళ్ళాడు. ఇల్లు అమ్మేటప్పుడు ఆ కాగితం పనికొస్తుంది.

తెలిసిన వాళ్ళు చెప్పారని ఒక మేస్త్రీకి కౌంటర్ పనికి 800 అడ్వాన్స్ క్యాష్‌గా ఇచ్చాను. కాగితం లేదు. "మనవాళ్ళే కదా" అన్న మాటకి పడిపోయాను. మూడు వారాలు రాలేదు. ఫోన్ల మీద ఫోన్లు చేస్తే సగం తిరిగొచ్చింది. మిగతా 400కి ఇప్పటికీ నీళ్ళొదులుకోలేదు గానీ రావని తెలుసు. న్యూజెర్సీలో 500 డాలర్లు దాటిన ఇంటి పనికి రాతపూర్వక ఒప్పందం తప్పనిసరి. కాంట్రాక్టర్ రాష్ట్రంలో నమోదై ఉండాలి, ఆ నంబరు 13VH అని మొదలవుతుంది, ఆన్‌లైన్‌లో చూసుకోవచ్చు. సంతకం పెట్టిన మూడు రోజుల్లో రద్దు చేసుకునే హక్కు కూడా మనకుంది. ఇవన్నీ నాకు డబ్బు పోయాక తెలిశాయి. కాలిఫోర్నియాలో ఉన్నవాళ్ళకి ఇంకా మంచి రక్షణ ఉంది, అక్కడ అడ్వాన్స్ 1,000 డాలర్లు లేదా మొత్తంలో పది శాతం, ఏది తక్కువైతే అంతకు మించి అడగకూడదు.

పాత ఇంటివాళ్ళు ఒకటి గుర్తుంచుకోండి. 1978కి ముందు కట్టిన ఇళ్ళ రంగుల్లో సీసం ఉండే అవకాశముంది, ఆ ఏడే దాన్ని నిషేధించారు. గోకినా, గీకినా వచ్చే దుమ్ము చిన్నపిల్లలకి విషం. అలాంటి ఇంట్లో రంగు కదిలించే పని చేసే కాంట్రాక్టర్‌కి ఈపీఏ సర్టిఫికెట్ ఉండాలి. మేమే చేసుకుంటున్నాం కాబట్టి గోడ రంగు పెచ్చు ఒకటి లాబ్‌కి పంపించాం. 60 డాలర్లు. లేదని వచ్చింది, ఆ రాత్రి హాయిగా నిద్రపోయాను. నేలమీది వినైల్ కింద తొమ్మిదంగుళాల పాత పలకలు కనిపించాయి. అవి ఆస్బెస్టాస్ కావచ్చు. పగలగొట్టనంతవరకు ప్రమాదం లేదు కనుక వాటి జోలికి పోకుండా పైనే వినైల్ ప్లాంక్ పరిపించాం. సింక్ దగ్గర మాత్రం పలకలు లేవు, వట్టి చెక్క. డిష్‌వాషర్ ఎన్నేళ్ళుగా కారుతోందో, చెక్క బిస్కెట్లా నలిగిపోయింది. 700. పక్కన పెట్టిన డబ్బులోంచి పోయింది. ఇలాంటిది ఉండకపోదని మావారు ముందే అన్నారు, అని గుర్తు చేశారు కూడా.

కేబినెట్లు మార్చలేదు. పెట్టెలు గట్టి ప్లైవుడ్, తలుపులే నల్లబడ్డాయి. స్టవ్ పక్క తలుపుల మీది జిగురు సబ్బుకి ఎందుకు లొంగదో తెలుసా? కొత్త ఇనప పెనానికి నూనె రాసి కాల్చి పదును చేస్తామే, అదే జరుగుతుంది అక్కడ కూడా, మెల్లగా. నూనె ఆవిరి చెక్క మీద పడి, గాలికీ వేడికీ అణువులు ఒకదానికొకటి ముడిపడి పొరలా గట్టిపడుతుంది. దాని మీద రంగు వేస్తే ఆరు నెలల్లో ఊడొస్తుంది. అందుకని ముందు క్షారం ఉన్న డీగ్రీజర్‌తో రెండుసార్లు, మంచినీళ్ళతో రెండుసార్లు, తర్వాత గరుకు కాగితం, అంటుకునే ప్రైమర్, అప్పుడు రంగు. సామానుకి 260, పిల్ల పడుకున్నాక తొమ్మిది రాత్రులు. రంగు ఆరినట్టుంటుంది గానీ పూర్తిగా గట్టిపడడానికి కొన్ని వారాలు పడుతుంది, నేను ఆగక ఒక తలుపు మీద గోరు గుర్తు పెట్టుకున్నాను. లోపల ఆరు లాగే అరలు బిగించాం, ఒక్కోటి 70. మోకాళ్ళ నొప్పులున్న అత్తయ్యకి వంగకుండా గిన్నెలు అందాలని. హేబిటాట్ వాళ్ళ రీస్టోర్‌లో మూడు సొరుగుల కేబినెట్ ఒకటి 90కి దొరికింది. అడుగు సొరుగులో ఇరవై పౌన్ల సోనామసూరి సంచీ అచ్చంగా పడుతుంది.

గట్టు దగ్గర అందరూ క్వార్ట్జ్ అన్నారు. అది రాతి పొడిని జిగురుతో కలిపి పోతపోసింది, పొయ్యి మీంచి దించిన మూకుడు పెడితే జిగురు మాడి మచ్చ పడుతుంది. పైగా ఆ పలకలు కోసే పనివాళ్ళు ఆ దుమ్ముతో ఊపిరితిత్తులు పాడై పోతున్నారని 2024 జులై నుంచి ఆస్ట్రేలియా నిషేధించింది. అది చదివాక నాకు మనసొప్పలేదు, డబ్బూ లేదు. గట్టంతా లామినేట్, 1,150. స్టవ్ పక్కన రెండడుగులు మాత్రం గ్రానైట్ ముక్క, రాళ్ళ షాపులో మిగిలిపోయింది, 380. పసుపు మరకల భయమా? లామినేట్ లేత రంగైతే పడతాయి. వెంటనే వంటసోడా రుద్దితే ఎర్రబడుతుంది, కంగారు పడకండి. దిష్టి తియ్యడానికి పసుపులో సున్నం కలిపితే నీళ్ళు ఎర్రబడినట్టే, క్షారం తగిలితే దాని గుణం అంత. కడిగేసి వదిలెయ్యండి. పసుపు రంగు ఎండకి నిలవదు. మా కిటికీ పక్క మరక నాలుగు రోజుల్లో పోయింది, లోపలి మూల మరక ఇంకా ఉంది.

ఐదు వారాలు వంట గరాజ్‌లో. మొదటి రోజే ఇండక్షన్ స్టవ్, రైస్ కుక్కర్ కలిపి వేసి చీకటి చేశాను. 15 యాంపులని 120 వోల్టులతో గుణిస్తే 1,800 వాట్లు, ఇండక్షన్ ఒక్కటే అది తాగేస్తుంది. ఫిజిక్స్ మొదటి ఏడాది లెక్క, ఆకలి మీద గుర్తు రాలేదు. ఆ వారాల్లో బయట తిన్నదానికి 400 అయింది. బడ్జెట్ వేసేటప్పుడు ఎవరూ రాయరు దీన్ని, రాసుకోండి. సింకూ పంపూ ప్లంబరూ నేలా చెత్త ఎత్తించడమూ అన్నీ కలిపి, పోయిన 400తో సహా, మొత్తం 8,210.

అత్తయ్య జూన్ మొదటివారం వచ్చారు. వచ్చిన మూడో రోజు కందిపొడికి ఎండుమిరపకాయలు వేయిస్తానన్నారు. వెనక బర్నర్ మీద వేయించమన్నాను. "అంత దూరం చెయ్యి చాపాలా" అని ముందు బర్నర్ మీదే పెట్టారు. హుడ్ రొద చేస్తోంది, అలారం మోగలేదు, మావారు మాత్రం రెండుసార్లు తుమ్మారు. జాకెట్ల సంగతి నవంబర్‌లోగానీ తెలియదు. గరాజ్‌లో మేకు అలాగే ఉంది. మిగిలిన 790తో స్టవ్ వెనక పలకలు వేయిద్దామని నేను, ముట్టుకోవద్దని ఆయన.