పార్శ్వపు నొప్పి – పంచదార గుళికలు

తెలుగువారు దీనిని పార్శ్వపు నొప్పి అన్నారు. సంస్కృత వైద్య గ్రంథాలలో ఇది అర్ధావభేదకం. అరబ్బీ వైద్యులు షఖీఖా అన్నారు. ఉర్దూ మాట్లాడే మన ఇళ్ళలో పెద్దలు ఆధాసీసీ అంటారు. మైగ్రేన్ అనే మాటకు మూలమైన గ్రీకు పదానికి కూడా అర్థం సగం తల అనే. ఇన్ని జాతుల వారు ఇన్ని భాషలలో ఒకే తీరున పేరు పెట్టుకొన్న బాధ, పాఠం తప్పించుకోవడానికి పిల్లలు ఆడే నాటకం కాజాలదు. ఈ మాట ముందుగా అధ్యాపకులమైన మేమే గుర్తించవలసి ఉన్నది.

ఈ నొప్పి చాలమందికి చిన్ననాటనో యౌవనారంభంలోనో మొదలవుతుంది. రజస్వలలైన తరువాత బాలికలలో బాలురకన్న ఎక్కువగా కనిపిస్తుంది. తల పోటెత్తడం, వాంతి, వెలుతురును శబ్దాన్ని సహించలేకపోవడం దీని లక్షణాలు. పిల్లలలో నొప్పి ఒక పక్కనే కాక రెండు పక్కలా రావచ్చును. హైస్కూలు, ఇంటర్మీడియట్ పరీక్షల కాలానికే ఇది దాపురించడం వలన చదువు కుంటుపడుతున్నది.

ఇట్టి సమయంలో మన ప్రాంతపు తల్లిదండ్రులు తరచు ఆశ్రయించేది హోమియో వైద్యుని. ఇందులో ఆశ్చర్యం లేదు. జర్మనీ దేశస్థుడైన హానిమన్ 1810లో తన సిద్ధాంత గ్రంథాన్ని ప్రకటించాడు. ఆ విద్య తెలుగునాట బాగా వేరూనినది. గుడివాడలోను, హైదరాబాదు రామంతపూర్‌లోను ప్రభుత్వ కళాశాలలు ఉన్నాయి. మందుల పెట్టె దగ్గర ఉంచుకొని ఉచితంగా గుళికలిచ్చిన బడిపంతుళ్ళు పల్లెలలో ఎందరో ఉండేవారు. పైగా హోమియో వైద్యుడు రోగిని తీరికగా విచారిస్తాడు. ఏ పక్క నొప్పి, ఏ వేళ హెచ్చుతుంది, నిద్ర ఎట్లున్నది, భయాలేమిటి అని అడుగుతాడు. పదిహేనేళ్ళ పిల్లను అంత ఓపికగా విన్న పెద్దమనిషి బహుశః అతడొక్కడే కావచ్చును. ఆ శ్రద్ధను మేము మనసారా గౌరవిస్తాము.

అయితే విన్న చెవి వేరు, ఇచ్చిన గుళిక వేరు. బెల్లడోనా 30 అనగా మూల పదార్థాన్ని నూటికి ఒక వంతు చొప్పున ముప్పైసార్లు పలుచన చేసినది. రసాయన శాస్త్రం చదివే మన విద్యార్థులు అవగాడ్రో సంఖ్యతో లెక్క కట్టి చూడవచ్చును. పన్నెండవ సారి దాటితే మూల పదార్థపు అణువు ఒక్కటైనా మిగులుతుందన్న ఆశ లేదు. 2015లో ఆస్ట్రేలియా దేశపు జాతీయ వైద్య పరిశోధనా మండలి, హోమియో ఫలితమిస్తుందని నమ్మదగిన ఆధారం ఏ ఒక్క వ్యాధి విషయంలోను లేదని తేల్చి చెప్పినది.

"మరి మా పిల్లవానికి తగ్గినది కదా!" అనేవారున్నారు. తగ్గిన మాట నిజమే కావచ్చును. అమెరికాలో 8 నుండి 17 ఏండ్ల పిల్లలపై జరిపి, 2017లో ప్రచురించిన ఒక పరిశోధన దీనికి సమాధానం చెప్పుతున్నది. నొప్పి రాకుండ నివారించడానికి కొందరికి అమిట్రిప్టిలిన్, కొందరికి టోపిరమేట్, మిగిలినవారికి మందు లేని మాత్ర ఇచ్చారు. తలనొప్పి రోజులు సగానికి సగం తగ్గినవారు వరుసగా నూటికి 52, 55, 61 మంది. ఉత్తి మాత్రయే ఏమాత్రం వెనుకబడలేదు! ఈ వయస్సులో నొప్పి తనంతట తాను హెచ్చుతూ తగ్గుతూ ఉంటుంది. ఆశ, క్రమశిక్షణ, పర్యవేక్షణ తోడైతే మరింత తగ్గుతుంది. ఆ ఘనత గుళికది కాదు. అల్లోపతి వారు గర్వించదగిన లెక్క కూడా కాదిది.

అట్లయితే తీపి గుళికతో నష్టమేమిటి? గుళికలో లేదు, దానితోపాటు చెప్పే నిషేధంలో ఉన్నది. "వేరే మందు ముట్టితే మా మందు విరిగిపోతుంది" అన్న మాట విని, మేమెరిగిన ఒక విద్యార్థిని నెలల తరబడి నొప్పిని పళ్ళ బిగువున భరించినది. నొప్పి మొదలైన వెంటనే వైద్యుడు చెప్పిన మోతాదులో ఐబుప్రొఫెన్ వంటి సామాన్యమైన మాత్ర వేసుకొంటే చాలమందికి ఉపశమనం కలుగుతుంది. అట్లని మందుల దుకాణంలో కొని రోజూ మింగడం తగదు. అతిగా వాడితే ఆ మాత్రలే తలనొప్పి తెస్తాయి. ఇక హఠాత్తుగా వచ్చిన భరింపరాని నొప్పి, జ్వరంతో మెడ బిగుసుకోవడం, కాలు చేయి పట్టు తప్పడం, మూర్ఛ, నిద్రనుండి లేపే నొప్పి – వీటిలో ఏది కనిపించినా గుళికలతో కాలయాపన చేయక ఆసుపత్రికి పోవలసినదే.

విద్యార్థులకు మా మనవి: వేళకు నిద్రించండి, ఉదయపు ఫలహారం మానకండి, నీరు త్రాగండి. నొప్పి వచ్చిన తేదీ, వేళ, ముందు జరిగినది ఒక నోటు పుస్తకంలో వ్రాసి వైద్యునికి చూపండి. రంజాను మాసంలో నిద్ర వేళలు మారి, ఉపవాసం వలన నొప్పి హెచ్చేవారు ముందుగానే వైద్యుని సంప్రదించడం మంచిది.

కళాశాల కమిటీ పెద్దలకు మా విన్నపం: వెలుతురు తక్కువగా ఉండే ఒక విశ్రాంతి గదిని కేటాయించండి. పరీక్ష హాలులో మంచినీళ్ళ సీసాకు అనుమతినివ్వండి. నొప్పితో గైరుహాజరైన వారిని దండించే ముందు విచారించండి. ఓపికగా వినడం హోమియో వైద్యుని సొత్తు మాత్రమే కానక్కరలేదు. ఆ గుణం అధ్యాపకులలో, తల్లిదండ్రులలో, పెద్దాసుపత్రి డాక్టర్లలో కూడా ఉన్ననాడు మన పిల్లలు పంచదార గుళికలో దానిని వెదుకుకోరు.