శాలువా బదులు నూలు చెద్దరు

సంగారెడ్డి, పటాన్‌చెరు పారిశ్రామికవాడల కార్మికులకు, యూనియన్ నాయకులకు, యాజమాన్యాలకు, బడి హెడ్‌మాస్టర్లకు, గుడి కమిటీలకు మనవి.

చలికాలం దగ్గర పడగానే మన దగ్గర రెండు కొనుగోళ్లు మొదలవుతాయి. పంచడానికి రగ్గులు, స్వెట్టర్లు, కప్పడానికి శాలువాలు. రిటైరయ్యే కార్మికుడికి శాలువా, మార్చి 4న భద్రతా దినోత్సవంలో బహుమతి గెలిచినవాళ్లకు శాలువా, మేడే సభకు వచ్చిన అతిథికి శాలువా. బొల్లారంలోనైనా, పాశమైలారంలోనైనా, సదాశివపేటలోనైనా శాలువా లేని సన్మానం లేదు. ఈ రెండు కొనుగోళ్లలోనూ ఇకమీదట ఉన్నిని, పష్మీనాను పక్కన పెట్టి చేనేత నూలుబట్ట తీసుకోండని అడగడానికే ఈ కరపత్రం.

ఉన్ని అంటే గొర్రెకు క్షవరం చేయడమే కదా, దానికేం నొప్పి అని చాలామంది అనుకుంటారు. మెత్తటి స్వెట్టర్లకు, సూట్లకు వాడే మెరీనో ఉన్ని మనకు ప్రధానంగా ఆస్ట్రేలియా నుంచి వస్తుంది. ఉన్ని ఎక్కువ రావాలని ఆ గొర్రెల్ని ముడతల చర్మంతో పెంచారు. తోక చుట్టూ ఉన్న ముడతల్లో తడి చేరి, ఈగలు గుడ్లు పెట్టి, పురుగులు పడతాయి. అది రాకుండా గొర్రెపిల్లను వెల్లకిలా పట్టి, తోక కింద చర్మాన్ని కత్తెరతో చెక్కేస్తారు. దాన్ని మ్యూల్సింగ్ అంటారు. న్యూజీలాండ్ 2018లో ఈ పనిని నిషేధించింది. ఆస్ట్రేలియాలో ఇంకా నడుస్తూనే ఉంది.

పష్మీనా సంగతీ చూడండి. లద్దాఖ్‌లోని చాంగ్‌థాంగ్ మేకకు గడ్డకట్టే చలిని తట్టుకోవడానికి బొచ్చు కింద మొలిచే సన్నటి నూగు అది. ఒక మేక నుంచి ఏడాదికి దొరికేది గ్రాముల్లోనే. ఒక్క స్వెట్టర్‌కు నాలుగైదు మేకల నూగు కావాలి. ఇలాంటి మేక నూగునే కాశ్మీరు ఉన్ని పేరుతో ప్రపంచానికి అత్యధికంగా అమ్మే చైనా, మంగోలియాల్లో గిరాకీ కొద్దీ మందలు పెరిగి, మేకలు గడ్డిని వేళ్లదాకా కొరికి, పచ్చిక బయళ్లు బీడు పడుతున్నాయి. ఇంకా ఖరీదైన షాతూష్ శాలువా కోసమైతే టిబెట్ జింక చిరును చంపాల్సిందే. ఒక శాలువాకు మూడు నుంచి ఐదు జింకలు పోతాయి. అందుకే మన వన్యప్రాణి సంరక్షణ చట్టం దాన్ని నేరంగా చూస్తుంది. ఒకప్పుడు గొప్పింటి గుర్తుగా ఉన్న ఆ శాలువాను ఇవాళ భుజాన వేసుకుంటే కేసవుతుంది.

మేం సభల్లో కప్పే శాలువాలు అంత ఖరీదువి కావు అంటారా? నిజమే, కావు. చవకగా పష్మీనా పేరుతో వచ్చేది పష్మీనా అయ్యే వీలే లేదు. కుచ్చులోంచి ఒక్క పోగు లాగి చూడండి. ఇంటి దగ్గర, స్టీలు పళ్లెం మీద, పట్టకారుతో పట్టుకుని అంటించండి. ప్లాంటు ఆవరణలో మాత్రం వద్దు. వెంట్రుక కాలిన కంపు కొడితే ఉన్నో పట్టో. కాగితం కాలిన వాసనతో మెత్తటి బూడిద మిగిలితే నూలో, విస్కోసో. కరిగి ముడుచుకుని, చల్లారాక గట్టి పూసగా మిగిలితే అది పాలిస్టరో, యాక్రిలిక్కో, అంటే పెట్రోలియం నుంచి పుట్టిన ప్లాస్టిక్. రోడ్డు పక్కన గుట్టలు పోసి అమ్మే స్వెట్టర్లు, మింక్ రగ్గులు చాలావరకు ఈ మూడో రకమే.

ఉన్ని మానేసి వీటివైపు పోతే గొర్రెను వదిలి చేపను చంపినట్టే. 2016లో ఇంగ్లండ్‌లోని ప్లిమత్ విశ్వవిద్యాలయం పరిశోధకులు లెక్క కట్టారు: ఆరు కిలోల యాక్రిలిక్ బట్టలు ఒక్కసారి మెషీన్‌లో ఉతికితే 7 లక్షలకు పైగా సన్నటి పోగులు నీళ్లలోకి పోతాయి. నీళ్లలోకి పోయినవి ఎక్కడ తేలతాయో మనకు ఒకరు చెప్పాలా? ఇసుకవాగును, నక్కవాగును చూసినవాళ్లం. పటాన్‌చెరు ఉమ్మడి శుద్ధి కేంద్రం నుంచి వచ్చే నీటిలో లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా సిప్రోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయాటిక్ మందు ఉందని స్వీడన్ శాస్త్రవేత్తలు 2007లో ప్రచురిస్తే, మన ఊరి పేరు లోకమంతా మోగింది. ఆ వాగులు కలిసేది మంజీరలోనే.

పైగా సాల్వెంట్లతో పనిచేసే మందుల ఫ్యాక్టరీల్లో సింథటిక్ బట్ట ఎందుకు వద్దంటారో మీ సేఫ్టీ ఆఫీసర్‌నే అడగండి. రాపిడికి నిప్పురవ్వ పుట్టొచ్చు. మంట తగిలితే కరిగి ఒంటికి అతుక్కుంటుంది. కార్మికుడికి డ్యూటీలో వద్దన్న బట్టనే చలికానుకగా ఇవ్వడం ఏం న్యాయం?

నూలు చలికి ఆగుతుందా అన్నది అసలు ప్రశ్న. తడిస్తే ఆగదు, ఒప్పుకోవాల్సిందే. కానీ మనది మంచు కురిసే చలి కాదు, పొడి చలి. కోహీర్, ఝరాసంగం వైపు జనవరి రాత్రుల్లో 10 డిగ్రీల కిందికి పోయినా వాన ఉండదు. వెచ్చదనం ఇచ్చేది పొరల మధ్య నిలిచిన గాలి. పాత చీరలు పొరలు పొరలుగా వేసి కుట్టిన బొంత కింద, దూదేకులవాళ్లు ఏకిన దూది పరుపు మీద మన పెద్దలు చలికాలాలు వెళ్లదీశారు. నైట్ షిఫ్ట్‌కు బండి మీద పోయేవాళ్లు లోపల నూలు బనియను, దాని మీద మందపాటి ఖద్దరు కోటు, గాలి ఆపడానికి పైన కంపెనీ ఇచ్చిన రెయిన్‌కోటు వేసుకుంటే చాలు.

ఇక గొంగడి మాట. కురుమ సోదరులు దీన్ని తమ మీద విమర్శగా తీసుకోవద్దు. దక్కని గొర్రె నల్ల ఉన్నితో వడికి, నేసి, చింతగింజల గంజి పెట్టిన గొంగడిని మేం చిన్నచూపు చూడటం లేదు. ఇంట్లో ఉన్నదాన్ని చిరిగేదాకా కప్పుకోండి. గొంగడికి గిరాకీ పోగొట్టింది ఈ కరపత్రం కాదు. మందల్లోకి ఉన్ని లేని నెల్లూరు జాతి వచ్చి చేరింది, కత్తిరించిన ఉన్నిని అడిగేవాడు లేడు. కంపెనీలు ఇచ్చే రగ్గుల ఆర్డరు కూడా ఏ రోజూ కురుమల మగ్గానికి పోలేదు.

పత్తికీ తప్పులున్నాయి. పురుగుమందులు, అప్పులు మన రైతులకు తెలియనివి కావు. అయినా సదాశివపేట, నారాయణఖేడ్ వైపు పండే పంట అది, మన చేతిలో బాగుచేసుకోగలిగింది అది. మందులు తక్కువ వాడిన పత్తి దొరికితే రెండు రూపాయలు ఎక్కువైనా దాన్నే అడగండి. పాత మెదక్ జిల్లాలోనే సిద్దిపేట, దుబ్బాక మగ్గాలున్నాయి. కరీంనగర్ దుప్పట్లు, కొయ్యలగూడెం ఇక్కత్ దుప్పట్లు, వరంగల్ జంపఖానాలు ఎటూ ఉన్నవే. మూడొందల చెద్దర్ల ఆర్డరు ఒక కంపెనీకి చిన్న ఖర్చు. చేనేత సంఘానికి మాత్రం పెద్ద పని.

అయితే చేనేత బట్ట అడిగిన మర్నాడే రాదు. డిసెంబరులో తిరిగితే మళ్లీ మింక్ రగ్గులే దిక్కవుతాయి. కాబట్టి ఆగస్టు 7న, జాతీయ చేనేత దినోత్సవం నాటికే ఆర్డరు ఇచ్చి, సగం డబ్బు ముందు కట్టండి. యూనియన్లు వచ్చే బోనస్ చర్చల్లోనే చలికానుకగా నూలు చెద్దరు కావాలని రాసివ్వండి. సన్మానాలకు నూలు కండువా చాలు. మిమ్మల్నే సన్మానానికి పిలిస్తే, శాలువా తేవద్దని ముందురోజే ఫోను చేసి చెప్పండి.