బరికి మా వాణ్ణి పంపను

సంక్రాంతికి ఇంకా ఇరవై రోజులుంది. మా ఇంటి వాట్సాప్ గ్రూపులో మాత్రం ప్రయాణం అప్పుడే ఖరారైపోయింది. భోగి రోజు హైదరాబాదు నుంచి మా మరిది వాళ్ళు బయల్దేరతారు. చిల్లకల్లు టోల్‌గేటు దగ్గర కార్ల బారులో ఇరుక్కోకుండా ఉండాలంటే తెల్లవారుజామున మూడింటికే కారెక్కాలట. జగ్గయ్యపేటలో మా ఆడపడుచు భర్తని ఎక్కించుకుని, నందిగామలో మా ఇంట్లో టిఫిన్ చేసి, అక్కణ్ణుంచి మగవాళ్ళంతా భీమవరం. కోడిపందాలకి. మా వైపూ బరులున్నాయి కానీ, మా మరిదికి మెట్ట బరులు ఆనవు. ఆ మగవాళ్ళ లిస్టులో చివరి పేరు మా చిన్నోడిది. ఎనిమిదో తరగతి.

నన్నడగలేదా అంటే, అడిగారండీ పాపం. "వదినా, పెసరట్లా, ఇడ్లీనా?" అని అడిగారు.

ఈసారి మా మరిది దగ్గర కొత్త వాదన ఉంది. నాలుగేళ్ళు అబుదాబిలో ఉద్యోగం చేసొచ్చాడు. అక్కడ డేగల వేటకీ గుర్రాలకీ కలిపి ఏటా పెద్ద ప్రదర్శన పెడతారు, 2003 నుంచీ జరుగుతోంది. చేతికి తోలు తొడుగు, దానిమీద కళ్ళకి టోపీ పెట్టించుకుని కూర్చున్న డేగ, పక్కన నవ్వుతూ మా మరిది. ఆ ఫోటోలన్నీ మా వాడికి చూపించి, "డేగల వేటకి యునెస్కో గుర్తింపు ఉందిరా. అరబ్బులకి డేగ, మనకి కోడి. వాళ్ళదైతే వారసత్వం, మనదైతే నేరమా? ఈ సంక్రాంతికి బరి చూపిస్తా, వచ్చే ఏడు అబుదాబి తీసుకెళ్ళి అదీ చూపిస్తా" అన్నాడు. ఇంకేముంది, మా వాడు ఆ రాత్రి అన్నం కూడా సరిగ్గా తినలేదు.

సరే, ఆ డేగ సంగతే చూద్దాం. యునెస్కో గుర్తింపు నిజమే. 2010లో 11 దేశాలు కలిసి అడిగితే వచ్చింది, 2021కి ఆ దేశాలు 24 అయ్యాయి. వాటిలో పాకిస్తాన్ ఉంది, మన దేశం లేదు. ఇక్కడ 1972 వన్యప్రాణి చట్టం ప్రకారం డేగని పట్టుకోవడమే నేరం. అక్కడ డేగకి పాస్‌పోర్టుంది, విమానంలో యజమాని పక్కన కూర్చుని వెళ్తుంది. 1999 నుంచి అబుదాబిలో డేగల కోసమే ఒక ఆస్పత్రి నడుస్తోంది. ఎందుకంత ముద్దు? వదిలిన డేగ మళ్ళీ తన చేతిమీద వాలితేనే ఆ యజమానికి గొప్ప. అది చచ్చిపోతే వాడికి పండగ కాదు. మన పుంజుకీ బాదం పప్పులు, కైమా, గుడ్లు పెడతారు, ఈత కొట్టిస్తారు. అంతా చేసి కాలికి కత్తి కట్టి దింపుతారు. కొద్ది నిమిషాల్లో రెంటిలో ఒకటి పోతుంది, ఒక్కోసారి రెండూ. ఎర్ర ఈకల పుంజుని 'డేగ' అని పిలిచినంత మాత్రాన అది డేగైపోదు కదా.

అరబ్బులేమీ మహాత్ములని నేననడం లేదు. వాళ్ళ డేగలకి ఇష్టమైన వేట హౌబారా, మన బట్టమేక పిట్ట లాంటిదే. దాన్ని వేటాడి వేటాడి తగ్గించేసి, ఇప్పుడు వాళ్ళే పెంపక కేంద్రాల్లో పిల్లల్ని చేయించి ఎడారిలో వదులుతున్నారు. తగ్గిపోయిందని తెలిశాక ఏదో ఒకటి చేశారు, అంతవరకూ మెచ్చుకుంటాను.

ఇక మా వారి వాదన ఎప్పుడూ ఒకటే. సంప్రదాయం. పల్నాటి కాలం నుంచీ ఉందంటారు. పల్నాడు మాకు కృష్ణ దాటితే వచ్చేస్తుంది, ఆ కథ మాకెవరూ కొత్తగా చెప్పక్కర్లేదు. కానీ చెప్పేవాళ్ళు సగమే చెబుతారేం? నాగమ్మ పుంజు చేతిలో బ్రహ్మనాయుడి వాళ్ళ పుంజు ఓడింది. ఏడేళ్ళు ఊరొదిలి పోయారు. చివరికి కారంపూడిలో అన్నదమ్ముల పీనుగులు లేచాయి. పందెం ఎంత గొప్పదో చెప్పడానికి ఇంతకంటే పనికిరాని కథ ఇంకోటుందా?

సంప్రదాయం మానలేమంటారా, నాగాలాండులో మానేశారండీ. దోయాంగ్ రిజర్వాయరు దగ్గర 2012లో అమూర్ డేగల్ని వేలకి వేలు వలలేసి పట్టి అమ్ముకున్నారు. మర్నాటి ఏడు ఆ ఊళ్ళవాళ్ళే వలలు తీసేశారు. ఇప్పుడు వాటిని చూడ్డానికి జనం వెళ్తున్నారు.

కోడికోసం ఇంత బాధపడుతున్నావు, ఆదివారం కోడికూర వండవా అని అడుగుతారని తెలుసు. వండుతాను. తింటాను కూడా. నా గొడవ కోడితో మొదలవుతుంది కానీ అక్కడ ఆగదు.

మూడేళ్ళ క్రితం సంగతి చెబుతాను. మా మెట్టలో పత్తి డబ్బు చేతికొచ్చేది సరిగ్గా పండగ ముందే. ఆ వెంటనే మిరప కోతలు, కూలీలకి రోజూ లెక్క తేల్చాలి. ఆ ఏడు కనుమ రాత్రి మా వారు ఖాళీ జేబుతో, చేతిలో ఓ చచ్చిన పుంజుతో వచ్చారు. పందెం కోడి రుచే వేరు, పులుసు పెట్టమన్నారు. అత్తయ్య ముందు ఏమనగలను? పెట్టాను. అప్పటికి పదేళ్ళవాడు మా చిన్నోడు, కాలు ముక్క వాడికే వేశాను. వారం తిరక్కుండా నా గాజులు తాకట్టుకి వెళ్ళాయి, కూలీలకి ఇవ్వాలిగా మరి. గాజులు తిరిగొచ్చాయనుకోండి, పదకొండు నెలలకి. ఆ పులుసు అంత బాగా ఎందుకు వండానా అని మాత్రం ఇప్పటికీ నా మీద నాకే కోపం.

"వాడేం పందెం కాస్తాడా, చూడ్డానికేగా" అంటారు. ఏం చూస్తాడండీ? కత్తి కట్టే మనిషిని, పక్క టెంటులో గుండాటని, మందు సీసాల్ని, నోట్ల కట్టల్ని. జంతువుల్ని కొట్లాటకి దింపడం 1960 చట్టం ప్రకారం నేరం. పందెం కాయడం 1974 గేమింగ్ చట్టం ప్రకారం నేరం. 2016 డిసెంబరులో హైకోర్టు మళ్ళీ గట్టిగా చెప్పింది. ఏటా పండగకి ముందు హెచ్చరిక బోర్డులు పెడతారు, మూడ్రోజులూ ఆ బోర్డుల పక్కనే కార్లు ఆపుకుంటారు. హెల్మెట్ పెట్టుకో, కాపీ కొట్టకు అని రోజూ చెప్పే నాన్న, బాబాయి ఆ గుంపులో ఈల వేస్తుంటే చూస్తాడు. మర్నాడు నేను వాడికి ఏ ముఖంతో బుద్ధులు చెప్పను? పెద్దవాళ్ళు వెళ్తే నేను ఆపలేను. ఆపగలిగితే గాజుల సంగతే ఉండేది కాదు. వాడి సీటు మాత్రం ఖాళీయే.

ఉత్తినే వద్దంటే పెంకితనమంటారు కదా, అందుకని నిన్న గ్రూపులో నా ప్లాను కూడా పెట్టాను. కనుమ నాడు గుంటూరు పక్కన ఉప్పలపాడు. మాకు రెండు గంటల దారి. ఊరి చెరువులో చెట్లనిండా గూడబాతులు, ఎర్రకాళ్ళ కొంగలు. పులిహోర, దద్ధోజనం నేనే కట్టి తెస్తాను, ఆడవాళ్ళకీ సీట్లుండాలి.

మరిది నవ్వుతున్న బొమ్మ పెట్టాడు. మా వారు చూసినట్టు రెండు నీలం గీతలు వచ్చాయి, అంతే. అత్తయ్య మాత్రం వాయిస్ మెసేజ్ పంపారు: "నేనూ వస్తానే, ముందు సీటు నాది" అని. చిన్నోడు రెండ్రోజుల్నుంచీ నాతో మాట్లాడ్డం లేదు. జంతికల డబ్బా మాత్రం రోజూ ఓ బెత్తెడు దిగుతోంది.