బిందె బరువు కాదు కాబోలు!

ఆడవాళ్ళకు బరువులెందుకని అడిగేవాళ్ళను నేనొక ఎదురు ప్రశ్న అడగదలుచుకున్నాను. అసలు బరువంటే ఏమిటండీ మీ ఉద్దేశంలో?

ఇనుప కడ్డీకి అటొక చక్రం, ఇటొక చక్రం తగిలించి ఎత్తితేనే బరువా? అయితే ఒక లెక్క చెబుతాను, వినండి. ఒలింపిక్స్‌లో ఆడవాళ్ళు ఎత్తే కడ్డీ, చక్రాలేవీ తగిలించకముందు, 15 కిలోలు. మగవాళ్ళది 20 కిలోలు. మన ఇళ్ళకు వచ్చే తాగునీళ్ళ క్యాను 20 లీటర్లు. అంటే నీళ్ళే 20 కిలోలు. ఆ క్యానును ఎత్తి స్టాండు మీద బోర్లించే ఇల్లాలు, మగ లిఫ్టరు ఎత్తే ఖాళీ కడ్డీని ఎత్తినట్టే లెక్క. గ్యాసు బండలో గ్యాసే 14.2 కిలోలు, బండ బరువు కూడా కలిపితే 30 కిలోల దాకా తేలుతుంది. బియ్యం మూట 25 కిలోలు. ఇక చంకలో పిల్లాడి సంగతి సరేసరి. వాడు నెలనెలా బరువు పెరుగుతాడు కూడాను! వెయిట్ లిఫ్టింగు నేర్పేవాళ్ళు చెప్పే మొదటి సూత్రం అదే కదా, బరువును క్రమక్రమంగా పెంచమని.

ఇవన్నీ ఎత్తినన్నాళ్ళూ ఎవరి కంటికీ ఆనలేదు. నలభై దాటాక నా అంతట నేను మళ్ళీ కడ్డీ పట్టుకుని, కుడి జబ్బ నొప్పిగా ఉందని నోరు జారానో లేదో, తిరుచానూరంతా వైద్యులే! పక్కింటావిడైతే గోడ మీదుగానే తేల్చేసింది: "ఏందక్కా, ఆ వయసులో చేసేటివి ఈ వయసులో చేస్తా ఉంటే జబ్బలు పట్టుకోకుండా ఏం చేస్తాయి?" ఆ మాట అంటున్నప్పుడు ఆవిడ చంకలో నిండు బిందె ఉంది. ఆవిడ వయసూ నా వయసే.

పాపం, ఆవిడను ఏమీ అనను. నా కోపమంతా చదువుకున్నవాళ్ళ మీద. నొప్పి తగ్గకపోతే తిరుపతి వెళ్ళి ఒక పెద్ద డాక్టరుగారికి చూపించుకున్నాను. పేరెందుకు లెండి, అలాంటివారు ఊరికి పదిమంది ఉంటారు. ఆయన నా భుజం ముట్టుకోలేదు, చెయ్యి ఎంతవరకు లేస్తోందో చూడలేదు. "ఎందుకమ్మా మీకివన్నీ? మానెయ్యండి. ఇంటిపని చేసుకుంటే చాలు, అదే మంచి ఎక్సర్‌సైజు" అన్నారు.

"ఇంటిపనిలో బరువులెత్తవచ్చునా డాక్టరుగారూ?" అన్నాను.

"ఇంటిపనిలో బరువులేముంటాయమ్మా!" అని నవ్వి, నొప్పి మాత్రలు రాసిచ్చారు.

చూశారా తమాషా! ఆడదానికి వ్యాయామం కావాలంటే ఇంటిపనే వ్యాయామం. ఆడదానికి నొప్పి వచ్చిందంటే ఇంటిపని అసలు బరువే కాదు. ఒకే బిందె, అవసరాన్నిబట్టి ఒకసారి డంబెల్ అవుతుంది, ఇంకోసారి దూదిపింజ అవుతుంది. ఈ తర్కాన్ని ఏ కాలేజీలో నేర్పుతారో నాకు తెలియదు. నేను చదివిన బి.ఏ.లో మాత్రం లేదు.

ఇక జిమ్ములో కుర్రాడున్నాడు. ఆయనది రెండో రకం మతం. "నొప్పి ఉంటేనే ఫలితం ఆంటీ, కానివ్వండి" అంటాడు. వారం తిరిగేసరికి కడ్డీకి మరో రెండున్నర కిలోలు తగిలించేస్తాడు. ఇరవై ఏళ్ళు పక్కన పెట్టిన భుజానికీ, పందొమ్మిదేళ్ళ కుర్రాడి భుజానికీ ఆయన నోటుబుక్కులో ఒకటే పట్టిక. ఒకరేమో మానెయ్యమంటారు, ఒకరేమో ఓర్చుకోమంటారు. ఆలోచిస్తే రెండూ మనం పుట్టినప్పటినుంచి వింటున్న మాటలే కదండీ? ఇష్టమైన పనయితే మానెయ్, కష్టమైన పనయితే ఓర్చుకో. నొప్పి ఎందుకొచ్చిందో చూద్దామన్న మూడో మాట అనేవాళ్ళు అరుదు.

అసలు నాకీ కడ్డీ పిచ్చి నిన్నమొన్నటిది కాదు. 2000 సంవత్సరం సెప్టెంబరు 19న సిడ్నీలో మన శ్రీకాకుళం జిల్లా అమ్మాయి కరణం మల్లీశ్వరి 69 కిలోల విభాగంలో స్నాచ్‌లో 110, క్లీన్ అండ్ జర్క్‌లో 130, మొత్తం 240 కిలోలు ఎత్తి కంచు పతకం తెచ్చింది. ఒలింపిక్ పతకం తెచ్చిన మొట్టమొదటి భారత స్త్రీ ఆమె. మగవాళ్ళ వెయిట్ లిఫ్టింగు 1896లో మొదటి ఒలింపిక్స్‌లోనే ఉంది. ఆడవాళ్ళను ఆ కడ్డీ ముట్టుకోనివ్వడానికి నూటనాలుగేళ్ళు పట్టింది! ఆ ఏడు తిరుపతిలో కాలేజీలో ఉన్న మాకు ఎంత పూనకం వచ్చిందంటే, మూలగదిలో తుప్పుపట్టి పడి ఉన్న కడ్డీని కిరసనాయిలు పోసి తుడిచి మరీ ఎత్తాం. ఫైనలియరు నాటికి నేను 45 కిలోలు తల మీదికి ఎత్తేదాన్ని. తరవాత పెళ్ళి, పిల్లలు, నవలలు. ఎత్తుడు మానలేదు లెండి, కడ్డీ ఒక్కటే మారింది.

మన సినిమాల్లోనూ ఒక బలశాలి ఉన్నాడు. 1963లో వచ్చిన 'నర్తనశాల'లో భీముడు వేసిన దండమూడి రాజగోపాలరావుగారు నిజంగానే వెయిట్ లిఫ్టరు. విరాటుడి కొలువులో భీముడు వంటవాడే కదా! అంతంత గంగాళాలు దించేవాడు వంటవాడైతే భీమబలం, వంటమనిషి అయితే మామూలు పని.

సరే, భుజం సంగతికొద్దాం. మన క్లబ్బుల్లో, మహిళా దినోత్సవాల్లో మనకు పెట్టే ఆటలేమిటి? కుర్చీలాట, నిమ్మకాయ–చెంచా పందెం. (ఇంతకు మించి మనకు చేతకాదని కాబోలు!) ఆ నిమ్మకాయ–చెంచాయే మీ భుజం. జబ్బ ఎముక తల గుండ్రంగా నిమ్మకాయలాగా ఉంటుంది. అది కూర్చునే గుంట చెంచా అంత లోతు కూడా ఉండదు. అందుకే మన చెయ్యి ముందుకూ, వెనక్కూ, పైకీ అన్నివైపులా తిరుగుతుంది, అందుకే తొందరగా బాధా పెడుతుంది. ఆ నిమ్మకాయ దొర్లిపోకుండా చుట్టూ నాలుగు చిన్న కండరాలు, వాటి నరాల్లాంటి స్నాయువులు పట్టి ఉంచుతాయి. ఏళ్ళ తరబడి మానేసి మళ్ళీ మొదలుపెడితే పెద్ద కండరాలకు పాత బలం చురుగ్గానే గుర్తుకొస్తుంది. స్నాయువులు మాత్రం నిదానస్తురాళ్ళు. వాటికి నెలలు పడుతుంది. కండ సరేనన్న బరువును స్నాయువు వద్దంటుంది. నాకొచ్చిన నొప్పి అదే.

ఈ సంగతి చెప్పింది చివరికి ఒక ఫిజియోథెరపిస్టు అమ్మాయి. నా చెయ్యి పట్టుకుని అన్ని కోణాల్లో తిప్పి చూసి, "మానొద్దు మేడం, మార్చండి" అన్నది. ఆ ఒక్క మాటకు ఆ పిల్ల చేతులు కళ్ళకద్దుకుందామనిపించింది. తల మీదికెత్తడం కొన్నాళ్ళు ఆపించింది. ఛాతీ ఎత్తులో లాగేవి, నొప్పి లేని కోణంలో ఎత్తేవి ఉంచింది. మోచెయ్యి పక్కటెముకలకు ఆనించి, రబ్బరు పట్టీని బయటివైపు లాగడం. గోడకు చేతులానించి మెల్లగా పైకి జరపడం. ఇవి వారానికి మూడు నాలుగుసార్లు. కొలమానం కూడా చెప్పింది: నొప్పికి పదికి ఎన్ని మార్కులో మీరే వేసుకోండి. రెండు, మూడు వచ్చి తెల్లారేసరికి సర్దుకుంటే భయం లేదు. మర్నాటికి ఎక్కువైతే బరువు తగ్గించండి. అంతేగాని చెయ్యి కట్టుకుని కూర్చుంటే భుజం ఇంకా బిగుసుకుంటుంది.

ఒలింపిక్ స్థాయి మనిషికీ ఇదే దారి. తుపాకీ మందు ఏమీ లేదు! మణిపురి అమ్మాయి మీరాబాయి చాను 2018లో నడుము దెబ్బతో ఏషియన్ గేమ్స్‌కు దూరమైంది. నడుమూ భుజమూ బాధపెడుతుంటే 2020లో అమెరికా వెళ్ళి, ఏరన్ హార్షిగ్ అనే ఫిజికల్ థెరపిస్టు దగ్గర సరిచేయించుకుంది. మరుసటి ఏప్రిల్‌లో తాష్కెంటులో క్లీన్ అండ్ జర్క్‌లో 119 కిలోలెత్తి ప్రపంచ రికార్డు పెట్టింది. జూలైలో టోక్యోలో 202 కిలోలతో వెండి పతకం. ఆ పిల్ల మొదట ఎత్తింది కడ్డీ కాదండీ, కట్టెలమోపు. ఇంట్లో వంట చెరుకు మోసిన భుజం అది. నొప్పి వచ్చినప్పుడు ఆమెతో ఎవరైనా, "మానెయ్యమ్మా, కట్టెలు మోసుకుంటే చాలు, అదే ఎక్సర్‌సైజు" అని ఉంటే?

మన ఇళ్ళల్లో అదే అన్నారు. మా అవ్వకు యాభై ఏళ్ళప్పుడు ఎడమ భుజం పట్టేసింది. చెయ్యి తలదాకా లేచేది కాదు. జడ వేసుకోలేదు, కుంకుడుకాయ రసంతో తల రుద్దుకోలేదు, రవిక తొడుక్కోవాలంటే మా అమ్మ రావాలి. రాత్రిళ్ళు ఆ పక్కకు తిరిగి పడుకోలేక లేచి కూర్చునేది. రెండేళ్ళు! "వయసు మీదపడింది" అన్నారు అందరూ. ఎవరూ రుబ్బురోలు దగ్గరనుంచి లెమ్మనలేదు. కుడిచేత్తో రుబ్బింది. ఎన్నో ఏళ్ళ తరవాత కాలి పుండు మానక ఆసుపత్రికి తీసుకెళ్తేగాని షుగరుందని తెలియలేదు. ఫ్రోజెన్ షోల్డర్ అనే ఈ జబ్బు నలభైకీ అరవైకీ మధ్య, మగవాళ్ళకంటే ఆడవాళ్ళకు ఎక్కువగా వస్తుందనీ, షుగరు, థైరాయిడు ఉన్నవాళ్ళకు మరీ ఎక్కువనీ ఇప్పుడు ఏ వైద్య పుస్తకం చూసినా ఉంటుంది. ఆ రోజు ఎవరైనా భుజం చూసి రక్తం పరీక్ష చేయించి ఉంటే ఆ కాలు... సరే, పోనివ్వండి. చెప్పొచ్చేదేమిటంటే, వయసనేది జబ్బు పేరు కాదు. చెయ్యి మీరు ఎత్తినా లేవక, ఇంకొకరు పట్టుకుని ఎత్తినా లేవకపోతే అది ఈ బాపతు అయి ఉండవచ్చు, చూపించుకోండి. పడినప్పుడో, ఏదైనా ఎత్తినప్పుడో కలుక్కుమని, అప్పటికప్పుడే చెయ్యి లేవకుండా పోతే ఆలస్యం చేయకండి. ఇక భుజం నొప్పితోపాటు ఛాతీ బరువు, చెమటలు, ఆయాసం ఉంటే జిమ్మూ లేదు, ఫిజియో లేదు, వెంటనే పెద్దాసుపత్రికి పరుగెత్తాలి. గుండెజబ్బు ఆడవాళ్ళలో ప్రతిసారీ సినిమాల్లోలా గుండె పట్టుకునేలానే రావాలని లేదు.

"అయినా నలభై దాటాక ఎందుకీ యాతన?" అంటారు మీరు. నలభై దాటాకే కావాలండీ! నెలసరి ఆగాక ఎముకలు గుల్లబారడం వేగంగా జరుగుతుంది. ఏటేటా కండ తరుగుతుంది. పెద్దవాళ్ళు వారానికి కనీసం రెండు రోజులు కండరాలకు బలాన్నిచ్చే వ్యాయామం చేయాలని ప్రపంచ ఆరోగ్య సంస్థే చెబుతోంది. అందులో ఆడవాళ్ళు మినహా అని ఎక్కడా లేదు. మరి ఇంటిపని చాలదా? చాలదు. బిందె ఎప్పుడూ ఒకే చంకకెక్కుతుంది, ఒకే పక్క నడుము వంకర తిప్పుతుంది. అలసినా ఎత్తాలి, జ్వరమొచ్చినా ఎత్తాలి. ఈ వారం తక్కువ బరువుతో కానిద్దామనే స్వేచ్ఛ బిందె దగ్గర లేదు. కడ్డీ దగ్గర ఉంది.

కార్తీక బ్రహ్మోత్సవాల్లో మా అలమేలుమంగమ్మ వాహనసేవ మీరు చూసే ఉంటారు. గజవాహనం రాత్రి వీధుల్లో ఇసుక వేస్తే రాలదు. నేను మాత్రం అమ్మవారికి దణ్ణం పెట్టుకున్నాక కొయ్యల కింద ఉన్న భుజాలను చూస్తాను. అడుగులో అడుగు వేసుకుంటూ, ఒకరి బరువు ఒకరికి అందిస్తూ ఎంత ఒడుపుగా మోస్తారని! ఏళ్ళ తరబడి పెద్దల దగ్గర నేర్చుకున్న విద్య అది. ఆ భుజాలు నొప్పి పెట్టవనుకోను. అయినా, "మీకెందుకయ్యా ఇది" అని ఆ మనుషుల్ని ఎవరైనా అన్నారేమో అడిగి చూడండి. బరువెత్తడం ఒక విద్య అని అక్కడ అందరికీ తెలుసు. వంటింటి గడప దాటి లోపలికి రాగానే మాత్రం ఆ విద్య ఎగిరిపోయి, బరువూ ఎగిరిపోయి, ఆడదాని సణుగుడు ఒక్కటే మిగులుతుంది.

అందుకని నేనీ మధ్య ఒక నియమం పెట్టుకున్నాను. "బరువులు మానెయ్" అని ఎవరన్నా సరే, వినయంగా తల ఊపి, "అలాగే, ఇవాళ్టినుంచి క్యాను మీరు ఎత్తండి, బండ మీరు మార్చండి, బియ్యం మూట మీరు దించండి" అంటున్నాను. సలహాలు సగానికి సగం తగ్గాయి. మావారు పూర్తిగా మానేశారు.

జబ్బ విషయానికొస్తే, నాలుగు నెలలైంది. ఖాళీ కడ్డీ మళ్ళీ తల మీదికెక్కింది. పదికి ఒక మార్కు నొప్పి. జిమ్ము కుర్రాడు పక్కన రెండున్నర కిలోల చక్రం పట్టుకుని నిలబడే ఉన్నాడు, ఇంకా తగిలించనివ్వలేదు. నీళ్ళ క్యాను మాత్రం మా అబ్బాయి ఎత్తుతున్నాడు. మొదటిరోజు దించాక భుజం తడుముకుని, "అమ్మా, ఇది ఇంత బరువా!" అన్నాడు.