సముద్రం దాటినా క్యాజువల్ బతుకేనా?



ఇటీవల రాయపూర్ డబ్ల్యు.ఆర్.ఎస్. కాలనీలో జరిగిన శాఖా సమావేశంలో ఒక సోదరుడు లేచి, "అమెరికా పోయినవాళ్ళ వీసాల గొడవ యూనియన్‌కెందుకు? అది డబ్బున్నవాళ్ళ సమస్య" అన్నాడు. కొందరు చప్పట్లు కొట్టారు. ఆ చప్పట్లకు సమాధానం చెప్పవలసిన బాధ్యత మాపై ఉన్నదని భావించి ఈ నాలుగు మాటలు వ్రాస్తున్నాము.

ముందుగా ఆ డబ్బున్నవాళ్ళు ఎవరో చూద్దాము. 1931లో విజయనగరం–రాయపూర్ రైలు మార్గం పూర్తయినది. శ్రీకాకుళం, విజయనగరం ప్రాంతాల పేదలు ఈ లైను వెంట పొట్ట చేతబట్టుకొని వచ్చారు. తాత గ్యాంగుమన్‌గా పట్టాలు మోశాడు. తండ్రి ఫిట్టరో, సార్టరో అయ్యాడు. మనుమడు ఇంజనీరింగు చదివాడు. ఆ మనుమడిని పై చదువుకు పంపటానికి తండ్రి ప్రావిడెంట్ ఫండు ఖాళీ అయినది, తల్లి గొలుసు బ్యాంకులో తాకట్టుపడినది, స్వగ్రామంలో మిగిలిన అర ఎకరం అమ్ముడుపోయినది. ఇటువంటి ఇళ్ళు మన కాలనీలలో ఎన్నో మేమెరుగుదుము. వీరా డబ్బున్నవాళ్ళు?

ఇక అక్కడి సంగతి. చదువు ముగిసిన విద్యార్థికి అమెరికా ప్రభుత్వం 12 నెలల పని అనుమతి ఇస్తుంది. సైన్సు, ఇంజనీరింగు వారికి మరి 24 నెలలు పొడిగిస్తుంది. ఆపైన హెచ్-1బి వీసా కావాలి. అవి ఏడాదికి 65,000. అక్కడి పై డిగ్రీ ఉన్నవారికి మరో 20,000. అభ్యర్థులు అంతకంటే ఎక్కువైనచో లాటరీ! పట్టభద్రుని భవిష్యత్తును చీట్లు తీసి నిర్ణయిస్తున్నారన్నమాట. 2025 సెప్టెంబరులో ఒక్క సంతకంతో విదేశాల నుండి కొత్తగా తీసుకొనే ఉద్యోగికి లక్ష డాలర్ల రుసుము విధించారు. ఆనాటి మారకం ప్రకారం అది సుమారు 88 లక్షల రూపాయలు.

ఈ గండాలన్నీ గడిచినా శాశ్వత నివాసం దక్కదు. 1990 నాటి చట్టం ప్రకారం ఉద్యోగ ప్రాతిపదికన ఇచ్చే గ్రీన్‌కార్డులు ఏడాదికి 1,40,000. భార్యాబిడ్డలు కూడా ఈ లెక్కలోనే వస్తారు. ఏ ఒక్క దేశానికీ 7 శాతం మించరాదట! మూడు లక్షల జనాభా గల దేశానికీ, 140 కోట్ల దేశానికీ ఒకే కొలత. 2025 మధ్యనాటికి రెండవ తరగతిలో 2013 జనవరికి పూర్వం దరఖాస్తు పెట్టిన భారతీయుల వంతు మాత్రమే వచ్చినది. ఈలోగా బిడ్డకు 21 ఏళ్ళు నిండితే తండ్రి దరఖాస్తు నీడ నుండి ఆ బిడ్డ తొలగిపోవచ్చు.

సోదరులారా, ఈ రోగం మనకు కొత్తదా? ఏళ్ళ తరబడి లైను మీద చెమటోడ్చినా మస్టరు రోలులో క్యాజువల్ గానే మిగిలిన కూలీని మనం మరచిపోయామా? 1974 మే 8న మొదలైన మహాసమ్మె కోర్కెలలో క్యాజువల్ విధానం రద్దు ఒకటి. 1985లో ఇందర్‌పాల్ యాదవ్ కేసులో సుప్రీంకోర్టు తీర్పు వచ్చిన పిమ్మట గాని ప్రాజెక్టు కూలీల రెగ్యులరైజేషను దారికి రాలేదు. తపాలా శాఖలో ఈ.డి. ఏజెంటు పేరు గ్రామీణ డాక్ సేవక్‌గా మారినది. రెగ్యులర్ హోదా మాత్రం నేటికీ రాలేదు. పని శాశ్వతం, పనివాడు తాత్కాలికం: యజమాని సూత్రం సముద్రానికి అటూ ఇటూ ఒక్కటే.

"మనవాళ్ళు పోయి అక్కడి కార్మికుల జీతాలు తగ్గిస్తున్నారు" అనే వాదమూ ఉన్నది. జీతం తగ్గించేది వలస వచ్చినవాడు కాదు, నోరెత్తలేని స్థితి. ఉద్యోగం పోతే సాధారణంగా 60 రోజులలో కొత్త యజమానిని వెతుక్కోవాలి, లేదా దేశం వదలాలి. ఇక యజమానిని ఎదిరించేదెవరు? అతనికి శాశ్వత హక్కు ఇవ్వండి. స్థానిక కార్మికునితో భుజం కలిపి అతడే జీతం పెంచమని అడుగుతాడు.

2017 ఫిబ్రవరి 22న కాన్సాస్ రాష్ట్రంలో హైదరాబాదు యువకుడు కూచిభొట్ల శ్రీనివాస్‌ను జాతి విద్వేషి కాల్చి చంపాడు. భర్త మరణంతో పాటే ఆయన భార్యకు ఆ దేశంలో ఉండే హక్కు కూడా ప్రశ్నార్థకమైనది. భర్త అంత్యక్రియలకు వచ్చిన స్త్రీ, తిరిగి తన ఇంటికి పోగలనా అని దిగులు పడవలసి వచ్చినది. ఇది చట్టమా, చెరసాలా?

మన దళారుల సంగతీ చెప్పక తప్పదు. 2019 జనవరిలో మిచిగాన్‌లో ఫార్మింగ్టన్ విశ్వవిద్యాలయం గుట్టు రట్టయినది. అది అమెరికా ప్రభుత్వమే పన్నిన వల. ఫీజులు వసూలు చేసి, పిదప విద్యార్థులను అరెస్టు చేసినది. వారిలో అత్యధికులు భారతీయులు. విద్యార్థులను చేర్పించినారని నేరారోపణకు గురైన ఎనిమిది మందీ తెలుగువారే! అయినవాడే గోతిలోకి దింపితే ఇక చెప్పుకొనేదెవరితో?

మరొక దోపిడీ ఉన్నది. హెచ్-1బి ఉద్యోగి జీతం నుండి సోషల్ సెక్యూరిటీకి 6.2 శాతం కోత. సుమారు పదేళ్ళు చెల్లించనిదే వృద్ధాప్య పెన్షను లేదు. ముందే పంపివేస్తే ఆ సొమ్ము అక్కడే మిగిలిపోతుంది. అనేక దేశాలకు అమెరికాతో ఈ విషయమై ఒప్పందాలున్నవి, భారత్‌కు లేదు. పెన్షను విలువ మనకంటే ఎవరికి తెలుసు?

కాబట్టి మన కోర్కెలు స్పష్టం. అమెరికాతో సామాజిక భద్రతా ఒప్పందం కుదుర్చుకోవాలి. 1983 వలస చట్టం విదేశాలలో కొలువులకు పంపే ఏజెంట్లను ఉద్దేశించినది. చదువు పేరిట పంపే ఏజెంట్లకూ రిజిస్ట్రేషను, జవాబుదారీ ఉండాలి. విదేశాలతో ఒప్పందాలు మాట్లాడేటప్పుడు సరుకులతో పాటు మనుషుల శాశ్వత హక్కునూ బల్లపై పెట్టాలి.

మన సభ్యులకొక విన్నపము. ప్రావిడెంట్ ఫండు ఫారం మీద సంతకం చేసే ముందు శాఖా కార్యాలయానికి రండి. ఆ కళాశాల ఎటువంటిదో, వీసా ఎన్నాళ్ళదో కలిసి విచారిద్దాము. బిడ్డను పంపవద్దని మేము అనము. తాత పట్టాల వెంట పరాయి ఊరికి వచ్చినట్లే మనుమడు పోతున్నాడు. తాతకు యూనియన్ అండగా నిలిచినది. మనుమడికి నిలవదా?