పాట మంచిదే, అడగడమే మరిచారు

రఘునాథపల్లి: క్రిస్మస్ నాడు దుప్పటి పంచినా, బియ్యం పంచినా ముందు సెల్‌ఫోన్‌లో వీడియో తీసే రోజులివి. పుచ్చుకునే వారి మాట మాత్రం అందులో వినిపించదు. ఈ తీరు కొత్తది కాదు.

1984లో ఇథియోపియా కరవుతో అల్లాడింది. రాక్ గాయకులు బాబ్ గెల్డాఫ్, మిడ్జ్ యూర్ ఒక క్రిస్మస్ పాట రాశారు. పేరున్న గాయకులను కూడగట్టి నవంబరు 25న లండన్‌లో ఒక్కరోజులో రికార్డు చేశారు. వీడియో కూడా ఆనాడే తీశారు. 'బ్యాండ్ ఎయిడ్' పేరిట వెలువడిన ఆ రికార్డు బ్రిటన్‌లో 30 లక్షలకు పైగా అమ్ముడైంది. ఆ సొమ్ము కరవు సాయానికి చేరింది. అంతవరకు మెచ్చదగినదే.

అయితే, క్రిస్మస్ వచ్చిందని వారికి తెలుసా అన్న ప్రశ్నే ఆ పాటకు పేరు. ఇథియోపియాలో క్రైస్తవం నాలుగో శతాబ్దం నాటిది. అక్కడ క్రిస్మస్ జనవరి 7న జరుపుకుంటారు. ఈ సంగతి ఆ దేశస్థులను అడిగితే తెలిసేది.

మన మెదక్‌లో పోస్నెట్ దొర కరవు నాళ్ళలో చర్చి నిర్మాణంతో జనానికి పని చూపి తిండి పెట్టారు. 1924 డిసెంబరు 25న ఆ చర్చి ప్రారంభమైంది. అక్కడి జనం చేయి చాచలేదు, చేతులారా కట్టారు.

జనగామ ప్రాంతానికి కరవు కొత్త కాదు. దాతలు ముందుగా ఏమి కావాలో ఊరివారిని అడగాలి. దుప్పటి కన్నా మందులే అవసరమైన ముసలివారు ఉండవచ్చు. ఫోను పైకెత్తే ముందు వారి సమ్మతి తీసుకోవడం కనీస మర్యాద.