మూణ్ణాళ్ల ముచ్చట... రెండో రోజుకే!

రిసార్ట్‌లో దిగిన రోజు సాయంత్రం మా మేనల్లుడు "అత్తా, మనం ఇక్కడే ఉండిపోదామా?" అన్నాడు. వాడికి తొమ్మిదేళ్లు. వేవ్‌పూల్‌లో మూడు గంటలు నానిపోయి, వేళ్లన్నీ ముడతలు పడి, చేతిలో కరిగిపోతున్న ఐస్‌క్రీమ్‌తో ఉన్నాడు. ఆ క్షణంలో వాడి మొహం చూస్తే ఆ రిసార్ట్ కొనిచ్చేద్దాం అనిపించింది.

రెండో రోజు రాత్రి అదే పిల్లాడు మంచం మీద వెల్లకిలా పడుకుని, సీలింగ్ ఫ్యాన్ చూస్తూ "ఇంకా ఎన్ని రోజులుండాలి?" అన్నాడు. ఈ రెండు ప్రశ్నలకీ మధ్య గడిచింది 30 గంటలు. మేం బుక్ చేసుకున్నది నాలుగు రాత్రులు!

అసలు కథేమిటంటే... మా అన్న డాలస్ నుంచి నాలుగేళ్ల తర్వాత వచ్చాడు. సెలవు మూడు వారాలే. చుట్టాలు, పెళ్లి, బ్యాంకు పనులు పోను మిగిలినవి కొద్ది రోజులు. "అమ్మ జీవితమంతా వంటింట్లోనే గడిపింది. నాలుగు రోజులు ఏ పనీ లేకుండా కూర్చోబెడదాం" అన్నాడు. నాన్న పోయాక అమ్మ వనస్థలిపురం ఇంట్లో ఒక్కతే ఉంటోంది. నేనుండేది మియాపూర్‌లో. వారానికోసారి వెళ్లి, ఫ్రిజ్‌లో ఏముందో చూసి, మాత్రల డబ్బా లెక్కపెట్టి వచ్చే కూతుర్ని. అన్న ఐడియా విని "సూపర్" అని మెసేజ్ పెట్టేశాను. నా మనసులో ఇంకో లెక్క కూడా ఉంది. అది తర్వాత చెప్తాను.

ఈ రోడ్డు మీదే ఎందుకిన్ని రిసార్ట్‌లు?

అప్పా జంక్షన్ దాటి బీజాపూర్ రోడ్డు ఎక్కారంటే మొయినాబాద్ నుంచి చేవెళ్ల దాకా రెండువైపులా మర్రిచెట్లే. వాటి మధ్యలో బోర్డులు... ఫామ్‌హౌస్, కన్వెన్షన్, రిసార్ట్, వాటర్ పార్క్. ఇవి ఇక్కడ ఊరికే మొలవలేదు. 1908లో మూసీ వరద హైదరాబాద్‌ను ముంచేశాక, మళ్లీ అలా జరగకుండా గండిపేట (1920), హిమాయత్‌సాగర్ (1927) కట్టారు. ఆ చెరువుల్లోకి వచ్చే నీళ్లు పాడవకూడదని 1996లో 111 జీవో తెచ్చారు. 84 గ్రామాల్లో పెద్ద కట్టడాలకు, ఫ్యాక్టరీలకు పగ్గాలు వేశారు. 2022లో ప్రభుత్వం ఆ ఆంక్షల్ని సడలించింది గానీ, అప్పటికే పాతికేళ్లు గడిచిపోయాయి. నగరం చుట్టూ అన్ని వైపులా అపార్ట్‌మెంట్లు లేస్తుంటే ఇటు మాత్రం పొలాలు, తోటలు, ఖాళీ ఆకాశం మిగిలాయి. ఐటీ కారిడార్ నుంచి గంటలో వచ్చేయొచ్చు. ఇంకేం, వీకెండ్‌కి హైదరాబాద్ పెరడు ఇదే అయిపోయింది.

ఆ 'వీకెండ్' అన్న మాట గుర్తుపెట్టుకోండి. ఇక్కడి రిసార్ట్‌లన్నీ ఒక పగలు, మహా అయితే రెండు రాత్రుల లెక్కన తయారైనవే. మనం వాటిలో నాలుగు రాత్రులు వెతికితే దొరకవు.

పనీర్ మళ్లీ వచ్చింది

గురువారం మధ్యాహ్నం చెక్ ఇన్. మొదటి రోజు నిజంగా పండగే. బగ్గీ బండి ఎక్కితే నవ్వొచ్చింది. రూమ్‌లో తువ్వాలును హంసలా మడిచి పెడితే ఫొటో తీశాం. స్లయిడ్ మీంచి అన్న జారి, నీళ్లలో మునిగి, కళ్లద్దాలు పోగొట్టుకుంటే అమ్మ కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. నాన్న పోయాక అమ్మ అలా నవ్వడం నేను చూడలేదు. ఆ ఒక్క నవ్వుకే డబ్బులు గిట్టుబాటు అయిపోయాయి అనుకున్నాను.

శుక్రవారం ఉదయం కూడా బాగానే గడిచింది. మధ్యాహ్నం బఫేలో మూత ఎత్తితే నిన్న రాత్రి పనీరే, పేరు మార్చుకుని కూర్చుంది. సాయంత్రం రెయిన్ డ్యాన్స్‌లో డీజే నిన్న వేసిన పాటలే అదే వరసలో వేశాడు. స్లయిడ్ ఎక్కడానికి అరగంట లైను, దిగడానికి పది సెకన్లు. నిన్న ఆ లైను కూడా సరదాగా ఉండింది. ఇవాళ లైను లైనులాగే కనిపించింది. రాత్రి భోజనాల దగ్గర ఆరుగురం కూర్చున్నాం, ఐదు ఫోన్లు వెలుగుతున్నాయి. ఫోన్ లేనిది అమ్మ ఒక్కర్తే. ఆమె పక్క టేబుల్ దగ్గర ప్లేట్లు తీస్తున్న అమ్మాయిని "ఏ ఊరు బిడ్డా మీది?" అని అడుగుతోంది.

తప్పు రిసార్ట్‌ది కాదు. మనసుకున్న జబ్బే అది. కొత్తది ఏదైనా కాసేపట్లో మామూలైపోతుంది. మన పెద్దవాళ్లు 'మొహం మొత్తడం' అని తేల్చేసిన దాని మీద సైకాలజీ వాళ్లు దశాబ్దాలుగా పేపర్లు రాస్తున్నారు. నెదర్లాండ్స్‌లో యెరూన్ నావైన్ అనే పరిశోధకుడి బృందం 2010లో ఒక అధ్యయనం ప్రచురించింది. సెలవుకి వెళ్లేవాళ్లు అందరికంటే ఎక్కువ సంతోషంగా ఉండేది వెళ్లకముందేనట, ఎదురుచూపుల్లో! తిరిగొచ్చాక చాలామంది ఎప్పట్లాగే అయిపోయారు. అదే దేశానికి చెందిన జెస్సికా డి బ్లూమ్ బృందం సుదీర్ఘ సెలవుల్లో ఉన్నవాళ్లను గమనిస్తే, హాయి అనేది ఎనిమిదో రోజు దగ్గర పతాకస్థాయికి వెళ్లింది. 'మరి మీకు రెండో రోజుకే ఏమొచ్చింది?' అంటారేమో. వాళ్లు ఆఫీసు నుంచి విడుదలై, తమకు నచ్చినట్టు సెలవు గడిపినవాళ్లు. మేం ఒక కాంపౌండ్ గోడ లోపల, ఒకే కొలను, ఒకే డీజే, ఒకే పనీర్‌తో ఉన్నవాళ్లం.

అమ్మ కనబడలేదు

శనివారం పొద్దున ఆరింటికి లేచి చూస్తే అమ్మ మంచం మీద లేదు. బాత్రూమ్‌లో లేదు, లాన్‌లో లేదు. అమ్మకి బీపీ. పైగా రాత్రి మాత్ర వేసుకుందో లేదో నేను అడగలేదు. అన్న కొలను వైపు పరిగెత్తాడు. ఆ రెండు నిమిషాలు వాడి మొహం నాకింకా గుర్తుంది.

చివరికి గేటు దగ్గర సెక్యూరిటీ అతను చెప్పాడు... "పెద్దమ్మనా? గా మర్రిచెట్టు కింద ఉంది."

రోడ్డవతల మర్రిచెట్టు కింద నలుగురైదుగురు ఆడవాళ్లు కొత్తిమీర కుప్ప పోసుకుని కూర్చున్నారు. మెహిదీపట్నం రైతుబజారుకు వెళ్లే సరుకు. ఆటో వచ్చేలోగా కట్టలు కట్టాలి. వాళ్ల మధ్యలో మా అమ్మ! చీర కుచ్చిళ్లు పైకి దోపుకుని, ఇంత గుప్పెడు పట్టుకుని, మట్టి దులిపి, గడ్డిపోచతో చుట్టి ముడేసి పక్కన పెడుతోంది. ఎంత వేగమంటే పక్కనున్నావిడ "మీరు రోజూ రండి పెద్దమ్మా, కూలి ఇస్తం" అని నవ్వుతోంది.

అన్నకి కోపం, భయం కలిసి వచ్చేశాయి. "ఏందమ్మా ఇది? నీకు రెస్ట్ ఉండాలనే గదా ఇంత ఖర్చు పెట్టి తీస్కొచ్చింది!"

అమ్మ తలెత్తలేదు. "ఊకె కూసుంటే కాళ్లు గుంజుతున్నయ్ బిడ్డా. చేతులకు పని లేకుంటే మనసుల గుబులైతది. గీ కట్టలు అయిపోని, వస్త."

తర్వాత ఒక్క క్షణం ఆగి అంది. "మీ అమెరికాల గూడ గిట్లనే ఉండె గదరా. మంచి రూము, చల్లటి గాలి, టైముకు తిండి. మూడొద్దులు మంచిగనిపించింది. తర్వాత ఆర్నెల్లు కిటికీలకెల్లి చూసుడే అయిపాయె."

అన్న నోట మాట రాలేదు. నాకూ రాలేదు.

నేను దాచిన లెక్క

ఇందాక తర్వాత చెప్తానన్నది ఇదే. ఈ ట్రిప్ వెనక అన్నకీ నాకూ ఒక ప్లాన్ ఉంది. వనస్థలిపురం ఇంటిని డెవలప్‌మెంట్‌కి ఇచ్చేద్దామని, అమ్మని ఆర్నెల్లు డాలస్‌లో, ఆర్నెల్లు మియాపూర్‌లో ఉంచుదామని వాట్సాప్‌లో మేమిద్దరమే తేల్చేసుకున్నాం. బిల్డర్‌తో ఒకసారి మాట్లాడాం కూడా. నాలుగో రోజు, అమ్మ మంచి మూడ్‌లో ఉన్నప్పుడు చెప్దాం అనుకున్నాం. రిసార్ట్ అందుకే. నిజం చెప్పాలంటే నాకు ఆ వారం వారం ప్రయాణం తప్పుతుందన్న ఆశ కూడా లోపల ఉంది.

ఆ రోజు మధ్యాహ్నం ఎవరూ కొలనులోకి దిగలేదు. వరండాలో కుర్చీలు వేసుకుని కూర్చున్నాం. చేయడానికి ఏమీ మిగల్లేదు కాబట్టి మాట్లాడుకున్నాం. అన్నే బయటపెట్టాడు. అమ్మ అంతా విని, "ఇల్లిస్తే నా కరివేపాకు చెట్టేం గావాలె?" అంది. మేం నవ్వాం. ఆమె నవ్వలేదు. పొద్దున ఏడింటికి పాలబ్బాయి, పదింటికి పక్కింటావిడ, సాయంత్రం గుడి దగ్గర అరుగు, రాత్రి నాన్న ఫొటో ముందు దీపం... ఒక్కొక్కటీ లెక్కపెట్టి చెప్పింది. ఒంటరిగా ఉందని మేం అనుకున్న మనిషి రోజులో ఖాళీయే లేదు. ఆ ఇల్లు తీసేసి మేం ఇవ్వబోయింది ఏమిటి? ఆర్నెల్లకోసారి మారే ఒక రిసార్ట్!

మొదటి రోజు స్లయిడ్‌ల హడావుడిలో అయితే ఈ మాట వచ్చేదే కాదు. సరదా అయిపోయాక మిగిలిన ఆ బోర్ మధ్యాహ్నమే మా ట్రిప్‌లో అన్నిటికన్నా అక్కరకొచ్చిన భాగం.

ఆదివారం ఒక రాత్రి ముందే ఖాళీ చేశాం. డబ్బులు వెనక్కి రావన్నారు, సరేనన్నాం. దారిలో చిలుకూరు బాలాజీ గుడికి వెళ్లాం. వీసా రావాలని అన్న అక్కడ 11 ప్రదక్షిణలు చేసింది, వచ్చాక 108 చేసింది మాకు పెద్ద కథ. ఆదివారం జనంలో నడుస్తూ అమ్మ అన్న చెయ్యి పట్టుకుని అంది. "నువ్వు పోవాలని ఈ దేవునికి మొక్కింది నేనే బిడ్డా. నేను పోవాలని మాత్రం నువ్వు మొక్కకు."

బుక్ చేసే ముందు...

ఇంత ఖర్చు పెట్టి నేర్చుకున్నది మీకు ఫ్రీగా చెప్తున్నాను.

వాటర్ పార్క్, రైడ్స్ కోసమైతే ఒక్క పగలు చాలు. రిసార్ట్ అయితే రెండు రాత్రులు. మూడో రాత్రి కావాలంటే గేటు బయట ఏముందో ముందే చూసుకోండి. ఇక్కడైతే చిలుకూరు పక్కనే మృగవని జాతీయ పార్కు ఉంది, చుక్కల జింకలు, నెమళ్లు కనిపిస్తాయి. గండిపేట కట్ట ఉంది, చేవెళ్ల వైపు పూలతోటలు, కూరగాయల పొలాలు ఉన్నాయి. సగం రోజు బయట తిరిగొస్తే అదే కొలను మళ్లీ కొత్తగా కనిపిస్తుంది. అమెరికాలో నెల్సన్, మేవిస్ అనే ఇద్దరు 2008లో చేసిన ప్రయోగాల్లో, మసాజ్‌ని మధ్యలో కాసేపు ఆపి మళ్లీ మొదలుపెడితే ఆపకుండా చేయించుకున్నదానికన్నా ఎక్కువ హాయిగా అనిపించిందట. సరదాకి కూడా ఇంటర్వెల్ కావాలన్నమాట.

అన్ని రైడ్‌లూ మొదటి రోజే ఎక్కేయకండి. ఒక మంచిదాన్ని చివరి పూటకి దాచండి. డేనియల్ కానమన్ చెప్పినట్టు, మనకి ఎంతసేపు గడిపామన్నది పెద్దగా గుర్తుండదు. బాగా తాకిన క్షణం, ముగిసిన తీరు గుర్తుంటాయి.

ఇక అమ్మానాన్నల్ని తీసుకెళ్తుంటే, వాళ్లకి 'ఏ పనీ లేకుండా' చేయడమే కానుక అనుకోకండి. ఏం చేద్దామని వాళ్లనే అడగండి. మేం అడగలేదు.

అన్న డాలస్ వెళ్లిపోయాడు. బిల్డర్‌కి 'ఇప్పుడు కాదు' అని చెప్పాడు. ఎప్పటికీ కాదా అంటే తెలీదు, అమ్మకి వచ్చే ఏడాది డెబ్బై. నేను మాత్రం వారానికి ఒకసారి వెళ్లేదాన్ని రెండుసార్లు వెళ్తున్నాను. మాత్రల డబ్బా లెక్కపెట్టడం మానేసి, ఆమెతో పాటు గుడి అరుగు మీద కూర్చుంటున్నాను.

మొన్న వీడియో కాల్‌లో మేనల్లుణ్ని "ట్రిప్‌లో ఏది నచ్చిందిరా?" అని అడిగాను. వేవ్‌పూల్ అంటాడనుకున్నాను.

"నానమ్మ నాకు కొత్తిమీర కట్టడం నేర్పింది కదా అత్తా" అన్నాడు. "నాది ఊడిపోయింది. మళ్లీ వచ్చినప్పుడు గట్టిగా కడతా."